ఎవరి అప్పు ముందు తీరాలి?

ఇల్లు ఒక్కటే, దాని యజమానికి అప్పులవాళ్లు ముగ్గురు. ఇల్లు అమ్మితే వచ్చే డబ్బు అందరికీ చాలదు. ముందు ఎవరికివ్వాలి? మన హాస్టల్లో చదివి ఇప్పుడు లా చదువుతున్న మాకు ఈ ప్రశ్న పరీక్షలోనే కాదు, మన ఊళ్లలోనూ ఎదురవుతోంది. అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు చెబుతున్నాం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకాయన 2023లో ఇంటిని బ్యాంకుకు తనఖా పెట్టి 6 లక్షలు తీసుకున్నాడు. 2024లో అదే ఇంటిని ఒక వ్యాపారికి తనఖా రిజిస్టరు చేసి 5 లక్షలు తెచ్చాడు. పొరుగాయనకు ప్రామిసరీ నోటు రాసి 2 లక్షలు తీసుకున్నాడు. ఇల్లు 10 లక్షలకు అమ్ముడుపోయింది. వడ్డీ, ఖర్చులు పక్కన పెడితే బ్యాంకుకు 6 లక్షలు, వ్యాపారికి మిగిలిన 4 లక్షలు దక్కుతాయి. పొరుగాయనకు ఈ ఇంటి నుంచి ఏమీ రాదు. ఎందుకంటే నోటు ఇంటిపై హక్కు ఇవ్వదు.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 48వ సెక్షన్ ప్రకారం ముందు పుట్టిన హక్కుదే ముందు వరుస. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన పత్రం మామూలుగా రాసుకున్న తేదీ నుంచే చెల్లుతుంది. చాలామంది విద్యార్థులు ఇక్కడే రిజిస్ట్రేషన్ తేదీ రాసి మార్కులు పోగొట్టుకుంటారు. మొదటి తనఖాదారు మోసం వల్లనో, ఘోరమైన నిర్లక్ష్యం వల్లనో రెండోవాడు నమ్మి అప్పిస్తే, మొదటివాడే వెనక్కి పోతాడు. ఇది 78వ సెక్షన్.

ఇక కంపెనీ మూతపడితే? 2016 నాటి దివాలా స్మృతి 53వ సెక్షన్ ప్రకారం ముందు ప్రక్రియ ఖర్చులు తీరాలి. ఆ తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టును ఉమ్మడి ఆస్తిలో వదిలేసిన బ్యాంకు అప్పు సమాన వరుసలో ఉంటాయి. కార్మికులకు 40 లక్షలు, బ్యాంకుకు 80 లక్షలు రావాలి, చేతిలో 60 లక్షలే ఉన్నాయనుకుందాం. అప్పుడు కార్మికులకు 20, బ్యాంకుకు 40 లక్షలు వస్తాయి. వాటాదారులది చివరి వరుస.

మనలో చాలామంది అమ్మానాన్నలు కూలిపని చేసేవారే. కంపెనీ మూతపడితే బ్యాంకుదే మొదటి హక్కని ఎవరైనా చెబితే తలూపి వచ్చేయకండి. గడువులోపు క్లెయిము వేయించండి. ఇల్లు, స్థలం కొనేటప్పుడు ఈసీ తీయించండి, అసలు దస్తావేజులు కూడా చూడండి. దస్తావేజులు అప్పగించి పెట్టిన తనఖా రిజిస్టరు కాకపోతే ఈసీలో కనిపించదు. మనం చదివిన చదువు ముందు మన ఇంటికి అక్కరకు రావాలి.