మంచుసముద్రములలో చిందిన చమురు: శుద్ధిచేయు ఉపాయముల నెన్నుకొనుట

నీటిపై వేరుశనగనూనె బొట్టొకటి విడిచిన నది పలుచని పొరయై పరచుకొనును. చలికాలమున కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టును. ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతముల బాలబాలికలందరు నెరిగిన ఈ రెండు సంగతులును మంచుసముద్రమున చమురు చిందినప్పుడు మిక్కిలి ముఖ్యములగును. అట్టి చమురును తొలగించుటకు నాలుగుపాయములు గలవు.

1. తోడుట: తేలెడు అడ్డుకట్టలతో చమురును చుట్టి, యంత్రములతో పైపొరను తోడివేయుదురు. చమురు నీటినుండి నిజముగా తొలగిపోవును గనుక నిది శ్రేష్ఠము. అయితే మంచుగడ్డలు అడ్డుకట్టలను త్రోసివేయును. యంత్రముల నోళ్లను మూసివేయును.

2. కాల్చుట: పొర రెండు మూడు మిల్లీమీటర్ల మందమైనను లేనిచో నిప్పంటుకొనదు. దట్టమైన మంచు తానే గట్టువలె నిలిచి చమురును మందముగా నుంచును. చలిలో తేలికపాళ్లు త్వరగా ఆవిరి కావు గనుక కాల్చుటకు వ్యవధియు హెచ్చు. కాని నల్లని పొగ లేచును. మిగిలిన మడ్డి మునిగిపోవచ్చును.

3. చెదరగొట్టుట: మందుచల్లి చమురును సూక్ష్మబిందువులుగా చేయుదురు. దీనికి అలలు కావలెను. మంచు అలల నణచును. మరియు చమురు నశింపక నీటిలోనికి దిగును. అచ్చటి చేపపిల్లలకు హాని కలుగవచ్చును.

4. సూక్ష్మజీవులకు విడుచుట: ఇవి చమురును తినునుగాని చలిలో వాని పని మిక్కిలి మందము.

ఇక దేనినెన్నుకొనవలెను? సముద్రతలమును పదిపాళ్లుగా భావింపుడు. మంచు మూడుపాళ్లకు లోబడినచో అడ్డుకట్టలు సాధారణముగా పనిచేయును. ఆరేడుపాళ్లకు మించినచో మంచే అడ్డుకట్టయగును. అప్పుడు కాల్చుట అనుకూలము. నడిమి స్థితియే మిక్కిలి కష్టము. గట్టిమంచు క్రింద చిక్కిన చమురు వసంతమున పైకి వచ్చును. అంతవరకు ఆ మంచు ఎచ్చటికి కొట్టుకొనిపోవునో కనిపెట్టుచుండవలెను.

ఆలస్యమువలన ఎంత నష్టము కలుగునో అలాస్కా వృత్తాంతము తెలుపును. 1989వ సంవత్సరము మార్చి 24వ తేదీన ఎక్సాన్ వాల్డెజ్ అను ఓడ, మంచుగడ్డలను తప్పించుకొన దారిమార్చి, బ్లై దిబ్బను తాకెను. రమారమి 4 కోట్ల లీటర్ల చమురు చిందెను. మొదటి దినములలో సముద్రము శాంతముగా నుండుటచే మందు సరిగా కలియలేదు. తోడు సాధనములు చాలలేదు. మరునాడు కొంత చమురును కాల్చిచూడగా చక్కగా కాలెను. ఇంతలో తుపాను వచ్చి చమురును నీటితో చిలికినందున కాల్చు అవకాశమును పోయెను. పిమ్మట వేడినీటి ధారలతో తీరమును కడుగగా రాళ్లనంటిన జీవులనేకములు చచ్చెను. శుద్ధియు మితిమీరిన హానియగునని అప్పుడు తెలిసెను.

మనకు సమీపమున 2017వ సంవత్సరము జనవరి 28వ తేదీన చెన్నపట్టణమునకు ఉత్తరమున ఎన్నూరు వద్ద రెండోడలు డీకొనెను. అచ్చట మంచులేదు, అయినను ఓడనుండి కారిన చిక్కని ఇంధనము తీరపురాళ్లపై తారువలె పేరుకొనెను. యంత్రములకది లొంగనందున జనులు బకెట్లతో ఎత్తిపోసిరి. చమురు చిక్కదనమును ముందే ఎరుగుట ఎంత యవసరమో దీనివలన తెలియుచున్నది. సముద్రమున చిందిన చమురు ఏ దిక్కునకు పోవునో లెక్కకట్టి తెలుపు సంస్థ మన హైదరాబాదులోనే యున్నది. అదియే భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము.

విద్యార్థులారా, వీనిలో హానిలేని ఉపాయ మొక్కటియు లేదు. ఏ చమురు, ఎంత మంచు, ఎట్టి గాలి, సమీపమున ఏ ప్రాణులు అని విచారించి, తక్కువ హానిగలదానిని వెంటనే ఎన్నుకొనుటయే వివేకము. ఆ విచారణ ఓడ కదలకమునుపే జరుగవలెను. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్న నేమి ప్రయోజనము?