పాత వాల్వు ఆంప్లిఫయరు: కొనే ముందు చూడవలసినవి, కొన్నాక కొలవవలసినవి



మన అదియమాన్‌కోట్టైలో ఆడి నెల వచ్చిందంటే మారియమ్మ పండగ మైకులు, కృష్ణపక్ష అష్టమి వచ్చిందంటే కాలభైరవుని గుడి దగ్గర మైకులు. ఇప్పుడు మోగేవన్నీ ట్రాన్సిస్టరు పెట్టెలే. అయినా ధర్మపురి, కృష్ణగిరి వైపు పాత మైకుసెట్టు దుకాణాల అటకల మీద, మూతపడిన టూరింగ్ టాకీసుల సామానులో గాజు వాల్వులున్న ఆంప్లిఫయర్లు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. డిప్లొమా, ఇంజనీరింగు చదివే మన పిల్లలు కొందరు ప్రాజెక్టు కోసమని, కొందరు పాటలు వినడానికని వాటిని కొని, మోగక, నా దగ్గరకు తెస్తున్నారు. పాలిటెక్నిక్ ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి కనుక నాకు తెలిసినది ఈ సంచికలో రాస్తున్నాను.

పాత ఆంప్లిఫయరు చెడిందంటే అందరూ మొదట వాల్వులను అనుమానిస్తారు. వాల్వులు ఖరీదైనవి, కాబట్టి ఖర్చు కూడా అక్కడే అవుతుంది. నేను చూసినంతవరకు చాలాసార్లు తప్పు వాల్వుది కాదు. ఎవరిదో తేల్చడానికి ఒక మల్టీమీటరు, పదో తరగతిలో చదివిన ఓమ్ నియమం చాలు. ఈ పాఠమంతా దాని గురించే.

తల్లిదండ్రులకు ముందుగా ఒక మాట. ఈ పెట్టె లోపల 250 నుంచి 450 వోల్టుల డి.సి. ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో అది అలాగే నిలిచి ఉండవచ్చు. 50 మైక్రోఫారడ్ల కండెన్సరు 400 వోల్టుల దగ్గర దాచుకునే శక్తి 4 జౌళ్ళు (సగం × కెపాసిటీ × వోల్టేజి వర్గం, పిల్లలు లెక్క వేసి చూడండి). అంత శక్తి చేతిలోంచి గుండె మీదుగా పోతే ప్రాణానికే ప్రమాదం. కనుక పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్లలు దీని మూత ఒంటరిగా విప్పకూడదు. పెద్దవారు ఒకరు స్విచ్చి దగ్గర ఉండాలి. ప్లగ్గు పీకిన తరువాత 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టరుకు రెండు వైపులా ప్లాస్టిక్ తొడుగున్న క్లిప్పులు కట్టి, కండెన్సరు ప్లస్సుకూ ఛాసిస్‌కూ మధ్య పది సెకండ్లు పట్టుకోవాలి. ఆ తరువాత మీటరు పెట్టి సున్నాకు దగ్గరగా వచ్చిందో లేదో చూడాలి. కరెంటు ఉండగా కొలవవలసి వస్తే మీటరు నల్ల వైరును క్లిప్పుతో ఛాసిస్‌కు తగిలించి, ఒక్క చేత్తోనే కొలవాలి. రెండో చెయ్యి జేబులో ఉండాలి. ఇది చాదస్తంగా కనిపిస్తుంది, కానీ ఈ పనిలో తల నెరసినవాళ్ళందరూ చేసేది ఇదే.

వాల్వు అంటే ఏమిటో క్లుప్తంగా చెబుతాను. 1904లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడుల వాల్వును తయారుచేశాడు. 1906లో లీ డి ఫారెస్ట్ వాటి మధ్య మూడోదాన్ని, గ్రిడ్‌ను, చేర్చాడు. వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరి, ఎక్కువ పాజిటివ్ వోల్టేజి ఉన్న ప్లేటు వైపు పరుగెత్తుతాయి. మధ్యనున్న గ్రిడ్ చెరువు తూము లాంటిది. కాథోడ్ కంటే కొద్ది వోల్టులు నెగటివ్‌గా ఉంటూ ప్రవాహాన్ని అదుపులో పెడుతుంది. తూము తలుపు కొంచెం కదిలినా కాలువలో నీరు చాలా మారినట్టు, గ్రిడ్ మీద చిన్న మార్పు ప్లేటు కరెంటులో పెద్ద మార్పు అవుతుంది. గ్రిడ్ నెగటివ్‌గా ఉండాలన్న మాట గుర్తు పెట్టుకోండి, ముందు అవసరమొస్తుంది.

ఇక గుర్తుపట్టడం. స్విచ్చి వేశాక పది, ఇరవై సెకండ్లకు గాని శబ్దం రాకపోతే, బరువు చూస్తే చేతులు పడిపోయేలా ఉంటే అది వాల్వు సెట్టే. ఛాసిస్ మీద మామూలుగా రెండు ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి: ఒకటి పవరుది, మరొకటి ఔట్‌పుట్‌ది. ఒకే రకం పెద్ద వాల్వులు జంటగా ఉంటే పుష్-పుల్ సర్క్యూటు అని అర్థం. వాల్వు మీది అక్షరాలు చదవడం వస్తే సగం పని అయినట్టే. యూరప్ పద్ధతిలో మొదటి అక్షరం హీటరును చెబుతుంది: 'ఇ' అంటే 6.3 వోల్టులు, 'జి' అంటే 5 వోల్టులు. తరువాతి అక్షరం పనిని చెబుతుంది: 'సి' ట్రయోడ్, 'సి.సి.' ఒకే గాజులో రెండు ట్రయోడ్లు, 'ఎల్' ఔట్‌పుట్ పెంటోడ్, 'జెడ్' రెక్టిఫయరు. అంకె ఎనభైలలో ఉంటే తొమ్మిది పిన్నుల చిన్న వాల్వు, ముప్పైలలో ఉంటే ఎనిమిది పిన్నుల పెద్ద వాల్వు. అమెరికా పద్ధతిలో మొదటి అంకే హీటరు వోల్టేజి. ఈ రెండు పద్ధతుల్లో ఒకే వాల్వుకు రెండు పేర్లుంటాయి. ఇ.సి.సి.83 అన్నా 12ఎ.ఎక్స్.7 అన్నా ఒకటే. ఇ.ఎల్.84, 6బి.క్యూ.5 ఒకటే. ఇ.ఎల్.34, 6సి.ఎ.7 ఒకటే. ఇది తెలియక ఉన్న వాల్వునే మళ్ళీ కొన్నవాళ్ళున్నారు.

అక్షరాలు చెరిగిపోయి ఉంటే గుడ్డతో రుద్దవద్దు, ఉన్నది కూడా పోతుంది. గాజు మీద నోటితో ఆవిరి ఊదితే చాలాసార్లు అచ్చు కనబడుతుంది. మన వైపు దొరికేవాటిలో బి.ఇ.ఎల్. ముద్ర ఉన్నవి ఉంటాయి. 1954లో బెంగుళూరు జాలహళ్ళిలో మొదలైన ఆ ప్రభుత్వ సంస్థ 1960లలో రేడియో వాల్వులు తయారుచేసింది. మంచి సరుకు. పాతదని పారేయకండి.

గాజు లోపల పైభాగంలో వెండిలా మెరిసే మచ్చ ఉంటుంది. అది తెల్లగా పాలలా మారితే లోపలికి గాలి వెళ్ళినట్టు, ఆ వాల్వు పని అయిపోయింది. హీటరు నారింజ రంగులో వెలగడం మామూలే. గాజు గోడ మీద లేత నీలం వెలుగు కనబడినా భయం లేదు. ఎలక్ట్రోడుల మధ్య ఊదా రంగు మబ్బులా కమ్మితే గ్యాసు చేరింది. ప్లేటే ఎర్రబడితే వెంటనే స్విచ్చి ఆపాలి.

కొనేటప్పుడు నేను వాల్వుల కంటే ట్రాన్స్‌ఫార్మర్లను ఎక్కువ చూస్తాను. తారు కారినా, కాలిన వాసన వచ్చినా వదిలేయండి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీలో మధ్య వైరు నుంచి రెండు చివరలకూ ఓమ్‌లు కొలవండి. రెండు సగాలూ దాదాపు సమానంగా ఉండాలి. ఒక సగం తెగి ఉంటే బేరం ఆడకుండా ఇంటికి రండి. పవరు ట్రాన్స్‌ఫార్మరును మన మోటారు వైండింగు దుకాణాల్లో చుట్టగలిగినవారు ఉన్నారు గాని, పొరలు పొరలుగా కలిపి చుట్టే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు వేరే విద్య.

ఇంటికి తెచ్చాక నేరుగా ప్లగ్గులో పెట్టవద్దు. మన మెకానిక్కులు వాడే సీరీస్ బల్బు బోర్డు ఉండాలి. అందులో 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బే వేయాలి, ఎల్.ఇ.డి. పనికిరాదు. మొదట వాల్వులన్నీ తీసేసి స్విచ్చి వేయండి. బల్బు ఒక్క క్షణం వెలిగి దాదాపు ఆరిపోతే పవరు ట్రాన్స్‌ఫార్మరు బాగున్నట్టు. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది. డబ్బాల్లాంటి పాత ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, వాటిని పరీక్షిస్తూ కూర్చోవడం కంటే మార్చేయడమే మేలు. వాల్వులు పెట్టి పరీక్షించేటప్పుడు స్పీకరు తప్పనిసరిగా తగిలించి ఉండాలి. స్పీకరు లేకుండా గట్టిగా పాట పెడితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు.

స్పీకరు తగిలించడంలోనూ ఒక లెక్క ఉంది. మైకుసెట్టు ఆంప్లిఫయర్ల వెనుక 8, 16 ఓమ్‌లతో బాటు 100 వోల్టుల లైను అనే టెర్మినలు ఉంటుంది. ఊరి చివరి కొమ్ము స్పీకరు దాకా సన్నటి వైరు లాగడానికి అది. 15 వాట్ల ఆంప్లిఫయరు ఆ టెర్మినల్లో చూడాలనుకునేది, 100 వర్గాన్ని 15తో భాగిస్తే, సుమారు 667 ఓమ్‌లు. అక్కడ ఇంట్లోని 8 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే దాదాపు షార్టు చేసినట్టే. ఇంటి స్పీకరు 8 ఓమ్‌ల దగ్గరే ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్కాలర్‌షిప్పుతో డిప్లొమా చదువుతున్న మన ఊరి అబ్బాయి ఒకడు రెండు ఇ.ఎల్.84 వాల్వులున్న చిన్న ఆంప్లిఫయరు కొన్నాడు. పాట బొంగురుగా వస్తోంది, పది నిమిషాలకు ఒక వాల్వు ప్లేటు ఎర్రబడుతోంది. రిపేరు దుకాణంలో చూపితే వాల్వులన్నీ మార్చాలి, కొన్ని వేలవుతుందన్నారట. వాళ్ళ నాన్న నా దగ్గరకు వచ్చి, "సార్, వచ్చే నెల పరీక్ష ఫీజు కట్టాలి. ఆ డబ్బు దీనికి పెట్టమంటారా?" అని అడిగారు. ఆయన అడిగిన తీరుకు నేను ఆ రోజే పెట్టె విప్పించాను.

అబ్బాయి చేతనే కొలిపించాను. ఒక్కో ఇ.ఎల్.84 కాథోడ్‌కూ ఛాసిస్‌కూ మధ్య 270 ఓమ్‌ల రెసిస్టరు ఉంది. మొదటి వాల్వు దగ్గర 10.3 వోల్టులు. 10.3ను 270తో భాగిస్తే 38 మిల్లీ ఆంపియర్లు. రెండోదాని దగ్గర 17.1 వోల్టులు, అంటే 63 మిల్లీ ఆంపియర్లు. ఇందులో స్క్రీన్ గ్రిడ్ తీసుకునేది ఐదారు పోనిస్తే ప్లేటుకు సుమారు 57. కాథోడ్ నుంచి ప్లేటుకు 285 వోల్టులు ఉన్నాయి. గుణిస్తే 16 వాట్లు దాటింది. ఇ.ఎల్.84 ప్లేటు తట్టుకోగలిగింది 12 వాట్లే. ఎర్రబడక ఏమవుతుంది?

ఆ వాల్వు అంత ఎందుకు తాగుతోంది? గ్రిడ్ దగ్గర కొలిచాం. ఈ సర్క్యూటులో గ్రిడ్ ఛాసిస్‌తో సమానంగా సున్నా వోల్టుల వద్ద ఉండాలి. కాథోడ్ పది వోల్టులు పైన ఉంటుంది కనుక, దానితో పోలిస్తే గ్రిడ్ పది వోల్టులు నెగటివ్ అవుతుంది. కానీ మీటరు ప్లస్ 9 వోల్టులు చూపింది. తూము తలుపును ఎవరో ఎత్తి పట్టుకున్నారు. అనుమానితులు ఇద్దరే: గ్యాసు చేరిన వాల్వు, లేదా ముందు దశ ప్లేటు నుంచి గ్రిడ్‌కు సంగీతాన్ని మాత్రం పంపి డి.సి.ని ఆపవలసిన కప్లింగ్ కండెన్సరు. స్విచ్చి ఆపి, ఆ వాల్వు పీకి, మళ్ళీ స్విచ్చి వేసి ఖాళీ సాకెట్టు గ్రిడ్ పిన్ను దగ్గర కొలిచాం. వాల్వు లేకపోయినా 9 వోల్టులు అలాగే ఉన్నాయి. వాల్వు నిర్దోషి.

మిగతాది మళ్ళీ ఓమ్ నియమమే. గ్రిడ్ రెసిస్టరు 470 కిలో ఓమ్. దాని మీద 9 వోల్టులంటే 19 మైక్రో ఆంపియర్లు. కండెన్సరు అవతలి వైపు 190 వోల్టులు. అంటే కండెన్సరు మీద 181, దాన్ని ఆ కరెంటుతో భాగిస్తే సుమారు 9.5 మెగా ఓమ్‌లు. ఆపవలసిన కండెన్సరు అంత పెద్ద రెసిస్టరులా మారి సన్నగా కారుతోంది. విచిత్రమేమిటంటే, దాన్ని ఊడదీసి మల్టీమీటరు ఓమ్‌ల రేంజిలో పెడితే బాగున్నట్టే చూపింది. మీటరు తన పరీక్షకు పెట్టేది కొద్ది వోల్టులే. పాత కాగితపు కండెన్సరు కారేది పని వోల్టేజి పడినప్పుడు. అందుకే దుకాణాల్లో ఇది దొరకకుండా తప్పించుకుంటుంది. పాపం వాల్వులు బలవుతాయి.

రెండు వైపులా 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు వేశాం. వంద రూపాయలలోపే అయ్యింది. రెండో వాల్వు కాథోడ్ 10.6 వోల్టులకు దిగింది. పరీక్ష ఫీజు పరీక్షకే పోయింది.

బాగు చేశాక మెరుగుపరచడం గురించి అడుగుతారు. మొదటి మెరుగుదల శబ్దానికి కాదు, ప్రాణానికి: రెండు పిన్నుల పాత వైరు తీసేసి మూడు పిన్నులది వేసి, ఎర్తును ఛాసిస్‌కు గట్టిగా బిగించండి. సరైన ఫ్యూజు వేయండి. పవరు ట్రాన్స్‌ఫార్మరులో 220, 240 అని ట్యాపులుంటే, మన ఇంటి వోల్టేజి కొలిచి, పైదానికి మార్చవచ్చు. లేకపోతే హీటర్లు అతిగా మండుతాయి. గుర్రుమనే హమ్ ఉంటే ఫిల్టరు కండెన్సర్లు కొత్తవి వేయండి. అయితే రెక్టిఫయరు వాల్వు ఉన్న సెట్టులో మొదటి కండెన్సరును ఇష్టం వచ్చినంత పెంచకూడదు. జి.జెడ్.34కే హద్దు 60 మైక్రోఫారడ్లు, చిన్నవాటికి ఇంకా తక్కువ.

ఫోనులో పాట వినాలంటే మైకు సాకెట్టులో పెట్టకండి, గ్రామఫోను ఇన్‌పుట్‌లో పెట్టండి. ఎడమ, కుడి వైర్లను నేరుగా కలిపేయక, ఒక్కోదానికి 10 కిలో ఓమ్ రెసిస్టరు చేర్చి కలపాలి. వేలు పోసి తెప్పించే పేరుమోసిన కండెన్సర్లు ఈ సెట్టులకు దండగ అని నా అభిప్రాయం. ఇవి మాటకు, నాదస్వరానికి కట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు. సినిమా హాలు బేస్ వీటి నుంచి రాదు. వాల్వు నిజంగానే పోతే స్లొవేకియా, రష్యా, చైనాలలో తయారైనవి దొరుకుతాయి. విడిభాగాలకు బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్ చాలు.

పని పూర్తయ్యాక ప్రతి వాల్వు ప్లేటు, కాథోడ్, గ్రిడ్ వోల్టులను తేదీతో ఒక కాగితం మీద రాసి, అడుగు మూత లోపలి వైపు అంటించండి. ఆరు నెలల తరువాత మళ్ళీ కొలిచి, పక్కనే రాయండి.