అప్పుడు రాని ఏడుపు ఇప్పుడొస్తోంది

సమస్య: మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. 2020 మార్చిలో నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. అదే నెల ఉగాది నాడు లాక్‌డౌన్ మొదలైంది. పాసు తీసుకుని, అద్దె కారులో విశాఖపట్నం వెళ్లి కీమో చేయించుకున్నాను. మా ఆయన్ని లోపలికి రానివ్వలేదు, గేటు బయటే కూర్చునేవారు. జుట్టు ఊడిపోయింది. నోరు పూసి చోడి అంబలి కూడా మింగుడుపడేది కాదు. పక్క ఊళ్లోనే ఉన్న మా అప్ప ఒక్కసారీ చూడ్డానికి రాలేదు. ఇప్పుడు చెకప్‌లన్నీ బాగానే వస్తున్నాయి. కానీ ఈ మధ్య రాత్రుళ్లు ఊరికే ఏడుపొస్తోంది. కాస్త నడుం నొప్పి వచ్చినా మళ్లీ మొదలైందేమోనని దడ. ‘గండం గడిచింది కదా, ఇంకా ఏడుపెందుకు?’ అంటున్నారు ఇంట్లో. నా తప్పేనా?

- ఓ సోదరి, శ్రీకాకుళం జిల్లా

సలహా: మీ తప్పేమీ లేదమ్మా. అప్పట్లో మీకు ఏడవడానికి తీరికేదీ? కీమోతో తెల్లరక్తకణాలు తగ్గితే చిన్న జ్వరమైనా ప్రమాదమే. కోవిడ్‌కి తొలి గుర్తూ జ్వరమే. థర్మామీటర్ పెట్టుకున్న ప్రతిసారీ రెండు భయాలు ఒక్కసారే చుట్టుముట్టిన రోజులవి.

దేశంలోని 41 క్యాన్సర్ ఆసుపత్రుల లెక్కలు 2021లో ‘లాన్సెట్ ఆంకాలజీ’ పత్రికలో వచ్చాయి. 2020 మార్చి నుంచి మే దాకా కొత్తగా నమోదైన రోగులు, అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 54 శాతం తగ్గారు. పెద్ద ఆపరేషన్లు దాదాపు సగానికి పడిపోయాయి. అంతమంది వైద్యానికి దూరమైన కాలంలో మీరు కీమోకి వెళ్లొచ్చారు. అది మామూలు ధైర్యం కాదు. ఆ ధైర్యం కోసం లోపల అణచుకున్నదంతా, ఒంటికి నెమ్మది చిక్కాక ఇప్పుడు బయటికొస్తోంది. క్యాన్సర్ నుంచి కోలుకున్న చాలామందిలో, ముఖ్యంగా చెకప్ దగ్గరపడే కొద్దీ, ఈ దడ కనిపిస్తుంది.

ఇక అప్ప సంగతి. శ్రీకాకుళం జిల్లాలో మొదటి కోవిడ్ కేసులు 2020 ఏప్రిల్ 25న పాతపట్నం వైపు బయటపడ్డాయి. ఊళ్లకు ఊళ్లు దారులకు కంపలు అడ్డం వేసుకున్నాయి. ఆర్టీసీ బస్సులు మళ్లీ రోడ్డెక్కింది మే 21న. ఆ అక్టోబరులో విజయనగరం పైడితల్లి సిరిమాను సంబరం కూడా ఆంక్షల మధ్యే జరిగింది. కీమో తీసుకునేవారి దగ్గరికి ఎవరినీ రానివ్వొద్దని డాక్టర్లూ చెప్పేవారు. కాబట్టి అప్ప రాకపోవడం మీ మంచి కోరే అయ్యుండొచ్చు. ఉత్త భయమే అయ్యుండొచ్చు కూడా. ఏదైనా, మీకు కలిగిన బాధ బాధే, దాన్ని కొట్టిపారేయక్కర్లేదు. లోపల దాచుకుంటే మాత్రం అది పగ అవుతుంది. ‘అప్పా, అప్పుడు నువ్వు రాలేదని నాకింకా బాధగానే ఉంది’ అని ఒక్క మాట నేరుగా అనండి. ఆవిడ దగ్గరా చెప్పుకోవాల్సింది ఉండే ఉంటుంది.

మీ ఆయన్నీ కదపండి. గేటు బయట ఎండలో కూర్చుని, లోపల ఏం జరుగుతోందో తెలియక ఆయన పడ్డ నరకం గురించి ఇన్నేళ్లలో ఎవరైనా అడిగారా? ఇంట్లో ‘ఏడుపెందుకు’ అనేవాళ్లు చాలాసార్లు తమ ఏడుపునే ఆపుకుంటుంటారు.

నొప్పి విషయంలో ఒక పద్ధతి పెట్టుకోండి. ఎప్పుడు మొదలైందో, పెరుగుతోందో తగ్గుతోందో కాగితం మీద రాసుకోండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా కొత్తగా గడ్డ తగిలితే, చెకప్ తేదీ కోసం ఆగకుండా డాక్టరుకి చూపించండి. ఈసారి చెకప్‌కి అప్పను కూడా రమ్మనండి.

నిద్రలేమి, ఏడుపు ఇలాగే సాగితే మానసిక వైద్యుల్ని కలవడానికి మొహమాటపడొద్దు. కీమోకి వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి. బతుకు మీద విరక్తి పుడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చుండదు.