మూగబోయిన గిటారు – ఎదురుచూసే ఇల్లు



మీ విచారణ గాయక బృందంలో గిటారు వాయించే అబ్బాయిని ఒకసారి తలచుకోండి. ప్రతి ఆదివారం పూజకు అరగంట ముందే వచ్చి, తీగలు శ్రుతి చేసుకుని, ఓ పక్కగా కూర్చుంటాడు. ఒక ఆదివారం ఆ చోటు ఖాళీగా కనబడుతుంది. “ఆపరేషన్ అయిందట” అంటారు ఎవరో. రెండు వారాలు గడిచేసరికి అందరి నోటా ఒకటే ప్రశ్న: “మళ్ళీ ఎప్పటినుంచి వాయిస్తావు బాబూ?” ప్రేమతో అడిగిన ప్రశ్నే. కాని మంచంమీద ఉన్నవాడికి అది ఎలా వినబడుతుందో మనం ఆలోచించం. “నీవు ఎలా ఉన్నావు?” అని కాదు, “నీ గిటారు ఎలా ఉంది?” అని అడిగినట్లు వినబడుతుంది.

ఈ వారం మన పాఠం ఆ ప్రశ్నను గూర్చే. ఆపరేషన్ తరువాత వాయిద్యానికి దూరమైన మనిషితో ఇంటివారు ఎలా మెలగాలి? ఇందుకు ఒక నిజమైన జీవితాన్ని చూద్దాం. అది మన ప్రాంతానిది కాదు, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జరిగినది. అయినా అందులోని తండ్రిని మీరు వెంటనే గుర్తుపడతారు. అలాంటి తండ్రులు మన ఇళ్ళలోనూ ఉన్నారు.

తనను తాను మరచిన గిటారు విద్వాంసుడు

పాట్ మార్టీనో 1944 ఆగస్టు 25న ఫిలడెల్ఫియాలో, ఇటలీనుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలో పుట్టాడు. తండ్రి క్లబ్బుల్లో పాటలు పాడేవాడు, గిటారు కూడా వాయించేవాడు. కొడుకు పన్నెండో ఏట గిటారు పట్టాడు. పదిహేనేళ్ళు వచ్చేసరికి అదే వృత్తి అయింది. ఆయన వాయించినది జాజ్ సంగీతం. అమెరికాలోని నల్లజాతి ప్రజల మధ్య పుట్టిన ఈ సంగీతంలో, మన కచేరీలలో మనోధర్మం ఉన్నట్లే, అప్పటికప్పుడు రాగాన్ని అల్లుకుంటూ పోవాలి. 1967లో ‘ఎల్ హోంబ్రే’ అనే రికార్డు ఆయన సొంత పేరుతో వెలువడింది. ముప్పై ఏళ్ళు నిండకముందే పేరున్న విద్వాంసుడయ్యాడు.

కాని ఆయన మెదడులో, ఎడమ కణత వైపు, రక్తనాళాలు చిక్కుముడిపడి ఉన్నాయి. దానివల్ల మూర్ఛలు వచ్చేవి. చాలాకాలం ఆ జబ్బు ఏమిటో ఎవరూ సరిగా పట్టుకోలేకపోయారు. మానసిక వ్యాధి అనుకుని కరెంటు షాక్‌లు కూడా ఇచ్చారు. చివరకు 1980లో అసలు కారణం తెలిసింది. ప్రాణాపాయం దగ్గరపడింది. ఆయన తల్లిదండ్రులున్న ఫిలడెల్ఫియాకే వచ్చి ఆపరేషన్ చేయించుకున్నాడు. మెదడులో ఎడమ కణత భాగాన్ని చాలావరకు తీసివేయవలసి వచ్చింది.

ప్రాణం దక్కింది. కాని కళ్ళు తెరిచేసరికి జ్ఞాపకం పోయింది. మంచం చుట్టూ నిలబడినవారు తన తల్లిదండ్రులని ఎవరో చెబితే తెలుసుకున్నాడు. తాను గిటారు విద్వాంసుడనన్న సంగతే గుర్తులేదు.

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ తండ్రి స్థానంలో నిలబడి చూడండి. తన కొడుకు తన్ను గుర్తుపట్టడం లేదు. చేతిలో ఒకటే ఆధారం ఉంది: కొడుకు వాయించిన రికార్డులు. ఏం చేస్తాడు? మనం చేసేదే చేశాడు. ఇంట్లో ఆ రికార్డులు పెట్టడం మొదలుపెట్టాడు. “ఇది నువ్వే నాయనా” అని గుర్తుచేయాలని ఆయన తపన.

పై గదిలో పడుకున్న కొడుక్కి గోడల్లోనుంచి, నేలలోనుంచి ఆ సంగీతం వినబడేది. ఆనాటి అనుభవాన్ని మార్టీనో తరువాత తానే చెప్పుకున్నాడు. ఆ పాటలు ఆయనకు ఓదార్పు కాలేదు, బాధ అయ్యాయి. తాను ఎవరై ఉండాలో, ఇప్పుడు ఎవరు కాదో అవి పదే పదే చెబుతున్నట్లు ఉండేది. చివరకు ఆయన గిటారు చేతికి తీసుకున్నది ఆ పరిస్థితినుంచి తప్పించుకోవడానికి, తండ్రిని సంతోషపెట్టడానికి.

తండ్రిది తప్పా? కాదు. ఆ తండ్రికి ప్రేమ తప్ప వేరే ఉద్దేశం లేదు. అయినా ప్రేమ కూడా రోగి గుండెమీద బరువు పెట్టగలదు. ఈ పాఠంలో మనం గుర్తుంచుకోవలసిన మొదటి మాట ఇదే.

చేతులు దాచిన జ్ఞాపకం

తరువాత జరిగినది వింతగా తోస్తుంది. గిటారు మెట్లమీద వేళ్ళు కదులుతున్నకొద్దీ, పోయిందనుకున్న విద్య కొంచెం కొంచెంగా బయటికి రాసాగింది. ఒకే రోజున తిరిగిరాలేదు, సంవత్సరాలు పట్టింది. స్నేహితుల రాకపోకలు, కంప్యూటరు మీద సంగీత సాధన, తన పాత రికార్డులు వినడం, ఇవన్నీ తోడయ్యాయి. ఒకప్పుడు బాధపెట్టిన రికార్డులే, తనకు తానుగా వినడం మొదలుపెట్టాక, గురువులయ్యాయి.

ఇది ఎలా సాధ్యం? మనకున్న జ్ఞాపకాలన్నీ ఒకే రకం కావు. నిన్న ఎవరు వచ్చారు, నా పెళ్ళి ఎప్పుడు జరిగింది వంటి సంగతులను నిలుపుకోవడంలో మెదడులోని కణత భాగాలది పెద్ద పాత్ర. సైకిలు తొక్కడం, కుట్టుమిషను తొక్కడం, వాయిద్యం వాయించడం వంటి పనుల నేర్పు మెదడులో లోతుగా ఉండే మరికొన్ని భాగాల మీద, వెనుక ఉండే చిన్నమెదడు మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందుకే ఊళ్ళు, పేర్లు మరచిపోయిన ముసలివారు కూడా చిన్ననాటి పాట ఎత్తుకుంటే చివరివరకు పాడగలుగుతారు. ఏళ్ళ తరబడి చేసిన సాధన అంత తేలికగా పోదు.

ఆపరేషన్ అయిన మీ ఇంటి గిటారిస్టుకు ఇది ఎంతో ధైర్యమిచ్చే మాట. మెదడు ఆపరేషన్ తరువాత, తనను తాను మరచిన మనిషి చేతుల్లోనే విద్య మిగిలి ఉంటే, ఆరు వారాలు వాయించనందువల్ల మీ అబ్బాయి విద్య ఎక్కడికి పోతుంది?

మార్టీనో విషయంలో అసలు మలుపు మరొకటి ఉంది. పేరు కోసమో, తండ్రి కోసమో కాక, చిన్నపిల్లవాడు బొమ్మతో ఆడుకున్నట్లు గిటారుతో ఆడుకోవడం మొదలుపెట్టినప్పుడే ఆయన నిజంగా కోలుకున్నాడు. 1987లో న్యూయార్కులో శ్రోతల ముందు వాయించినది రికార్డుగా వచ్చింది. దానికి ‘ది రిటర్న్’, అంటే ‘తిరిగిరాక’ అని పేరు పెట్టారు. ఆపరేషన్ జరిగి అప్పటికి ఏడేళ్ళు.

మన ఇంట్లో ఏం చేయాలి?

మన ఇళ్ళలో జరిగేవి చాలావరకు అంత పెద్ద ఆపరేషన్లు కావు. హెర్నియా, అపెండిక్స్, మణికట్టు నరం ఒత్తిడి, విరిగిన ఎముకకు ప్లేటు వేయడం వంటివి. ఎంతకాలం విశ్రాంతి అనేది ఆపరేషన్ చేసిన డాక్టరుగారే చెప్పాలి. కింది మాటలు ఆయన సలహాకు తోడు మాత్రమే.

1. డాక్టరుగారిని సూటిగా అడగండి. “ఎప్పుడు పనికి వెళ్ళవచ్చు?” అని మాత్రమే అడిగి వచ్చేస్తాం. “గిటారు ఎప్పుడు పట్టుకోవచ్చు? కూర్చుని వాయించవచ్చా, భుజానికి తగిలించుకుని నిలబడవచ్చా?” అని కూడా అడగండి. గిటారు పొట్టకు ఆనుకుని ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటారు మూడు నాలుగు కిలోల బరువు ఉంటుంది. పొట్టమీద కుట్లున్నవారికి ఇవి చిన్న విషయాలు కావు. స్పీకరు పెట్టెలు మోయడం గూర్చి వేరుగా అడగండి. గాయక బృందంలో గిటారు వాయించేవాడే తరచుగా వాటిని కూడా మోస్తాడు.

2. పైన మానిన పుండు లోపల మానినట్లు కాదు. కుట్లు తీసిన తరువాత కూడా లోపలి కండ గట్టిపడడానికి వారాలు, నెలలు పడుతుంది. దెబ్బతిన్న నరం తిరిగి పెరగడం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మాత్రమే. మణికట్టు ఆపరేషన్ తరువాత పిడికిలి పట్టు పూర్తిగా రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. మధుమేహం ఉన్నవారికి గాయం ఇంకా ఆలస్యంగా మానుతుంది. ఇది సోమరితనం కాదని ఇంటివారికి తెలిసి ఉండాలి.

3. వేళ్ళు మెత్తబడితే భయపడవద్దు. ఉక్కు తీగలు నొక్కి నొక్కి ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాసి ఉంటాయి. కొన్ని వారాలు వాయించకపోతే ఆ కాయలు మెత్తబడి పొట్టులా ఊడిపోతాయి. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు తొలిరోజుల్లో మాదిరిగా వేళ్ళు మండుతాయి. “నా విద్య పోయింది” అని దిగులుపడేది అప్పుడే. పోయింది విద్య కాదు, చర్మం మాత్రమే. అది మళ్ళీ వస్తుంది.

4. కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. మొదటి రోజు అయిదు నిమిషాలు చాలు. నొప్పి వస్తే వెంటనే ఆపాలి. రెండు మూడు రోజులు బాగుంటే ఇంకో అయిదు నిమిషాలు కలపాలి. సన్నని తీగలు వేసుకున్నా, శ్రుతిని అర మెట్టు తగ్గించుకున్నా వేళ్ళకు శ్రమ తగ్గుతుంది. జ్వరం, గాయం ఎర్రబడడం, చీము, వేళ్ళ తిమ్మిరి, రోజురోజుకూ పెరిగే నొప్పి ఉంటే సాధన కట్టిపెట్టి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి.

5. చేతులు ఊరుకున్నా చెవులు, మనసు ఊరుకోనక్కరలేదు. మనసులోనే పాటను వాయిస్తున్నట్లు ఊహించుకుంటే, నిజంగా వాయించేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు కొన్ని అప్పుడు కూడా పనిచేస్తాయి. కొత్త పాటలకు ఏ కార్డు ఎక్కడ వస్తుందో కాగితంమీద రాసుకోవచ్చు. గాయక బృందంలోని చిన్నవాళ్ళను ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పవచ్చు. అయితే ఇదంతా అతడికి ఇష్టమైతేనే.

6. గిటారును దాచవద్దు, ఎదుట పెట్టి గుచ్చవద్దు. “దాన్ని చూస్తే బాధపడతాడు” అని కొందరు అటకెక్కిస్తారు. “చూస్తేనైనా బుద్ధి పుడుతుంది” అని కొందరు మంచం పక్కనే నిలబెడతారు. రెండూ అతణ్ణి అడగకుండా చేసేవే. “ఎక్కడ పెట్టమంటావు?” అని అడగండి. తీగలు తుప్పు పట్టకుండా పొడిబట్టతో తుడిచి పెట్టండి. తిరిగివచ్చేవాడికి తలుపు తెరిచి ఉంచడమంటే ఇదే.

విచారణ పెద్దలకు ఒక మాట

క్రిస్మస్ దగ్గరపడుతుంటే గాయక బృందానికి తొందర ఉంటుంది. “ఒక్క రాత్రి పూజకు వచ్చి కూర్చో, తేలిక పాటలే పెడతాం” అని బతిమాలతాం. అతడు మొహమాటంతో ఒప్పుకుంటాడు. ఆ ఒక్క రాత్రి రెండు గంటలవుతుంది, నెల రోజుల విశ్రాంతి వృథా అవుతుంది. ఆ ఏడాది హార్మోనియం, డోలక్‌తో పాడుకుంటే పండుగకు లోటేమీ రాదు. అతణ్ణి మాత్రం మరచిపోకండి. వాయించమని కాదు, ఊరికే చూడడానికి ఇంటికి వెళ్ళండి. పాటలు తప్ప వేరే కబుర్లు చెప్పండి.

పాట్ మార్టీనో కథ చివర కూడా ఇదే చెబుతుంది. తిరిగివచ్చిన తరువాత ఆయన ఎప్పుడూ ఆగకుండా వాయించలేదు. తల్లిదండ్రుల అనారోగ్యం, వారి మరణం వల్ల మళ్ళీ కొంతకాలం ఆగాడు. 1994లో ‘ఇంటర్‌చేంజ్’ అనే రికార్డుతో మరోసారి వచ్చాడు. 2018 చివర ఇటలీ పర్యటన తరువాత శ్వాసకోశ వ్యాధివల్ల ఇక వాయించలేకపోయాడు. అప్పుడు స్నేహితులు, అభిమానులు ఆయన వైద్యానికి, ఇంటి ఖర్చులకు విరాళాలు పోగుచేశారు. గిటారు మూగబోయినా ఆయన వారికి కావలసినవాడే. 2021 నవంబరు 1న, మనం సకల పునీతుల పండుగ జరుపుకునే రోజున, తాను పుట్టిన ఫిలడెల్ఫియాలోనే 77వ ఏట కన్నుమూశాడు.

కాబట్టి ప్రియ పాఠకులారా, ఈసారి ఆ అబ్బాయి మీకు ఎదురుపడితే “ఎప్పుడు వాయిస్తావు?” అని అడగకండి. “రాత్రి నిద్ర పట్టిందా బాబూ? అన్నం సయిస్తోందా?” అని అడగండి. గిటారు సంగతి అతడే ఎత్తుతాడు. ఎత్తిననాడు వినండి.

కుటుంబంలో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో జబ్బుపడి లేచినవారిని మొదట ఏమని పలకరించాం? వారిని గూర్చి అడిగామా, వారు చేసే పనిని గూర్చి అడిగామా?

2. మార్టీనో తండ్రి స్థానంలో మీరుంటే రికార్డులు పెట్టేవారా? ఎప్పుడు ఆపేవారు?

3. మన విచారణలో అనారోగ్యంవల్ల సేవకు దూరమైనవారు ఎవరున్నారు? ఈ వారం వారి ఇంటికి ఎవరు వెళతారు?