అంచులన్నీ ఒక్క ముడిలోకి

టేకుమట్ల



బిడ్డా, హన్మకొండ హాస్టల్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. సింప్లిషియల్ సెట్ల పుస్తకం తెరిస్తే మొదట్లోనే ఫంక్టర్ అన్నరని, బొమ్మ ఒక్కటీ లేదని బాధపడ్డవు. అందుకు గణితం మీద మనసు విరుచుకోకు. పీటర్ మే 1967లో రాసిన పుస్తకం, గోయర్స్, జార్డిన్‌లది 1999 నాటిది, రెండూ గొప్పవే గని తొలి మెట్టు కావు. ఇప్పటికి పక్కన పెట్టు.

ముందు ఆలెన్ హ్యాచర్ పుస్తకంలో రెండో అధ్యాయం తొలి పేజీలు చదువు. ఆయన సైట్‌లో ఉచితంగ దొరుకుతది. త్రిభుజాలు అతికించి టోరస్ చేసుడు అక్కడ కండ్లకు కనిపిస్తది. తర్వాత గ్రెగ్ ఫ్రీడ్‌మన్ 2008లో ఆర్కైవ్‌లో పెట్టిన సచిత్ర పరిచయం. కొత్తవాళ్లకు అంతకన్నా మంచిది నేను చూడలేదు. అది అయినంక ఎమిలీ రీల్ నోట్సు పట్టుకుంటే ఫంక్టర్ భయపెట్టదు.

నీకు అడ్డం పడుతున్నయి డీజనరేట్ సింప్లెక్సులే, అంటే ఒక శీర్షం తిరిగి వచ్చే అంచులు, త్రిభుజాలే అనుకుంట. ఒకే శీర్షాన్ని రెండుసార్లు రాసి అంచు అనుడెందుకు? చేన్ల పత్తి మూట కట్టేది చూసినవు గద. మూడు మూలల బట్ట అంచంతా ఒక్క ముడిలోకి లాగితే గోళం అయితది: ఒక బిందువు, ఒక త్రిభుజం, అంతే. మరి త్రిభుజం మూడు అంచులు ఏమైనయి? మూడూ ఆ బిందువునే రెండుసార్లు రాసిన అంచు అయినయి. హ్యాచర్ త్రిభుజాలు అతికించి చేసే డెల్టా కాంప్లెక్సుల్లో ఈ వీలు లేదు. ఐలెన్‌బర్గ్, జిల్బర్‌లు 1950లో డీజనరేట్ సింప్లెక్సులను లెక్కలోకి తెచ్చిన్రు.

ఇంకొకటి చేతితో గీసి చూడు. గీతను గీతతో గుణిస్తే చదరం. మూలలకు 00, 10, 01, 11 అని పేర్లు పెట్టు. 00, 10, 11 త్రిభుజం తీసుకో. మొదటి అంకెలు 0, 1, 1. రెండోవి 0, 0, 1. విడివిడిగ చూస్తే రెండింటిలోనూ ఒక శీర్షం రెండుసార్లు వచ్చింది, రెండూ డీజనరేటే. జతగ చూస్తే ఏదీ తిరిగి రాలేదు, నిజమైన త్రిభుజం! డీజనరేట్‌లను పనికిరానివని తీసేస్తే చదరమే మిగలదు. ఈ ఒక్కటి పట్టుబడితే మిగతాది నీకు దారి ఇస్తది.

ఇప్పుడు త్రిభుజాన్ని గీతతో గుణించు. ఎన్ని చతుర్ముఖులు వస్తయో అట్టముక్కలతో చేసి, దసరాకు వచ్చినప్పుడు పట్టుకరా.

మీ పెద్దనాయిన