రాష్‌డాల్‌ను ఒక్క వాక్యంలో తేల్చేయకు

నాయనా ప్రశాంత్,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఆంగ్లికన్ వేదాంతి హేస్టింగ్స్ రాష్‌డాల్ సిలువను ఒట్టి ఆదర్శంగా కుదించాడని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అలా రాస్తే మార్కులు పడతాయి గాని, ఆయనకు న్యాయం జరగదు.

1915లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన ఇచ్చిన బాంప్టన్ ఉపన్యాసాలు 1919లో పుస్తకమయ్యాయి. అప్పటికి ఆయన కార్లైల్ కథీడ్రల్ డీన్. సువార్తల నుంచి లూథర్ దాకా ప్రాయశ్చిత్తం గురించి ఎవరేమన్నారో ఓపిగ్గా తవ్వి తీశాడు. తప్పిపోయిన కుమారుని తండ్రి పరుగెత్తి వెళ్లి ముద్దు పెట్టుకున్నాడే గాని, క్షమించడానికి ముందు ఎవరి రక్తమూ అడగలేదు. ఆ పట్టు రాష్‌డాల్ ఎక్కడా వదలడు. దోషి బదులు నిర్దోషిని శిక్షిస్తే అది న్యాయమెలా అవుతుందని నిలదీస్తాడు. కోపంతో ఊగిపోయే తండ్రి ఒకవైపు, ఆయన్ని చల్లార్చే కుమారుడు ఇంకోవైపు అన్నట్టు మన పల్పిట్ల మీద వినబడే ప్రసంగాలకు ఈ ప్రశ్న తగలాల్సిందే. త్రిత్వాన్ని నమ్మేవాళ్లం అలా ఎలా చెబుతాం?

అయితే ఆయన తడబడిన చోట్లూ ఉన్నాయి. మార్కు 10:45లోని ‘విమోచన క్రయధనము’ యేసు నోటి మాటేనా అని సందేహిస్తాడు. అడ్డొచ్చిన వచనాన్ని పక్కకు నెట్టినట్టే నాకనిపిస్తుంది. తనకు అండగా తెచ్చుకున్న మధ్యయుగ వేదాంతి అబెలార్డ్ కూడా, రోమా పత్రిక వ్యాఖ్యానంలోనే, క్రీస్తు తన మరణంతో మన పాపశిక్షను తొలగించాడని రాశాడు. అది రాష్‌డాల్ గీసిన బొమ్మలో ఇమడదు.

అసలు చిక్కు ఇంకొకటుంది. సిలువ దేవుని ప్రేమను చూపించి మనల్ని మారుస్తుందన్నదే రాష్‌డాల్ ఇచ్చే జవాబు. ఒడ్డున హాయిగా కూర్చున్నవాడి కోసమంటూ ఎవరో నీళ్లలో దూకి చనిపోతే అందులో ప్రేమేముందని స్కాట్లాండ్ వేదాంతి జేమ్స్ డెన్నీ 1902లోనే అడిగాడు. మునిగిపోతున్నవాణ్ణి కాపాడబోయి చనిపోతే అది ప్రేమ. అంటే ఆ మరణం నాకోసం ఏదో సాధించి ఉండాలి. అప్పుడే అది ప్రేమను చూపిస్తుంది. ఈ ప్రశ్నకు రాష్‌డాల్ దగ్గర గట్టి జవాబు లేదు. చేసిన తప్పు నిద్రపోనివ్వక పాస్టరు తలుపు తట్టేవాడికి ఆదర్శం చాలదు. ఆ తలుపు చప్పుడు రేపు నీకూ వినబడుతుంది.

అందుకని, శిక్ష గురించి ఆయన అడిగినదాన్ని ఉంచుకో, ఆయన ఇచ్చిన జవాబు దగ్గరే మాత్రం ఆగిపోకు. మొదటి ఉపన్యాసం, చివరి ఉపన్యాసం నువ్వే చదివి, ఆ పేరా తిరగరాసి ఈస్టరు లోపల నాకు పంపు.

నీ పెదనాన్న