కల్చర్ రిపోర్టు తీసుకోకుండానే ఇంటికి వెళ్లిపోతున్నారా?

మూత్రంలో మంట, చలిజ్వరం అని ఉస్మానియాకు వెళ్తారు. డాక్టర్ యూరిన్ కల్చర్ రాస్తారు. శాంపిల్ ఇచ్చి, మందులు తెచ్చుకుంటారు. రెండు రోజుల్లో జ్వరం తగ్గుతుంది. ఇక రిపోర్టు కోసం మళ్లీ అఫ్జల్‌గంజ్ దాకా ఎవరు పోతారు? చాలామంది పోరు. కానీ మీ మందు సరైనదో కాదో చెప్పేది ఆ కాగితమే.

మొదటి రోజు ఇచ్చేది అంచనా మందు. అది ఊరికే వేసిన అంచనా కాదు. పెద్ద ఆసుపత్రుల్లో ఏడాది రిపోర్టులన్నీ కలిపి, ఏ క్రిమికి ఏ మందు ఎంతవరకు పనిచేస్తోందో పట్టిక వేస్తారు. దాన్ని యాంటీబయోగ్రామ్ అంటారు. డాక్టర్లు దాన్ని చూసి మందు మొదలుపెడతారు. మీ ఒంట్లోని క్రిమి సంగతి మాత్రం మీ శాంపిల్‌తోనే తేలుతుంది.

ల్యాబ్‌లో ముందు క్రిమిని పెంచుతారు. తర్వాత దాని మీద యాంటీబయాటిక్ పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. బిళ్ల చుట్టూ క్రిమి పెరగని ఖాళీ ఎంత ఉందో కొలుస్తారు. కొన్నిచోట్ల ఈ పని మిషన్ చేస్తుంది. అందుకే రెండు మూడు రోజులు పడుతుంది, రక్తం కల్చర్‌కైతే ఐదు రోజుల దాకా చూస్తారు. ల్యాబ్ వాళ్లను తిట్టుకోకండి, క్రిమి పెరగాలి కదా!

రిపోర్టులో మందు పేరు పక్కన ‘ఎస్’ ఉంటే పనిచేస్తుందని, ‘ఆర్’ ఉంటే పనిచేయదని అర్థం. ‘ఐ’ మధ్యరకం, డోసు పెంచితే పనిచేయవచ్చు.

ఇక్కడే చాలామందికి అనుమానం వస్తుంది. ‘మెరోపెనెమ్ లాంటి పెద్ద మందుల పేర్లే లేవు, పరీక్ష సగమే చేశారా?’ అని. కాదు. మామూలు మందులు పనిచేస్తుంటే, పెద్ద మందుల ఫలితాన్ని చాలా ల్యాబులు కావాలనే రాయవు. ఎందుకంటే కాగితం మీద కనిపించిన మందే చీటీ మీదికి ఎక్కుతుంది. మామూలువి పనిచేయకపోతే అప్పుడు పెద్దవి బయటపెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2017లో యాంటీబయాటిక్‌లను మూడు వర్గాలు చేసి, చివరి వర్గాన్ని వేరే దారి లేనప్పుడే వాడమంది. కాబట్టి చిన్న మాత్ర రాశారని చిన్నచూపు చూడకండి.

‘మిక్స్‌డ్ గ్రోత్’ అని వస్తే మందుల జాబితా సాధారణంగా ఉండదు. చాలాసార్లు అది శాంపిల్ పట్టడంలో తేడా. మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టండి. వెంటనే ల్యాబ్‌కు ఇవ్వండి. వీలైతే యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి.

గర్భిణులకు ఇంకో మాట. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రిలో యూరిన్ కల్చర్ రాస్తే ‘నాకు మంటే లేదు’ అని మానేయకండి. గర్భంతో ఉన్నప్పుడు మంట లేకపోయినా మూత్రంలో క్రిమి ఉంటే వైద్యం చేయాలి. అది కిడ్నీకి పాకితే తల్లికీ బిడ్డకీ ముప్పు.

పాత రిపోర్టు దాచి మళ్లీ వాడకండి. ఒకసారి నేనే ఆ పని చేశాను. ఆరు నెలల కిందటి ‘ఎస్’ చూసి అమ్మకు షాపులో అదే మందు కొన్నాను. ఈసారి క్రిమి వేరు, మందు పనిచేయలేదు. నాలుగో రోజు ఆమెను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

ఆరోగ్యశ్రీ కింద చేరిన వాళ్లకు, ఆ చికిత్సకు కావాల్సిన పరీక్షలు, మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. డిశ్చార్జి రోజున కల్చర్ ఇంకా రాలేదంటే, ఏ తేదీకి వస్తుందో, ఎవరికి చూపించాలో డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి. ఇబ్బంది అయితే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి.